జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని విన్నా అన్నీ ఒకేలా ఎందుకు వినిపిస్తాయి?

మీ ప్రశ్న సారాంశం ఇది: కర్ణాటక సంగీతం కొంత తెలుసు, జాజ్ కొత్త. "తప్పక వినాల్సిన 100 ఆల్బమ్‌లు" లిస్టు పట్టుకుని ఇరవై విన్నా ఏదీ మనసుకెక్కలేదు. ముందు చరిత్ర చదివి రావాలా?

అక్కర్లేదు. లిస్టు కూడా పక్కన పెట్టేయండి. ఒక్క ట్రాక్ తీసుకుని, వాయించేవాళ్లు లోపల ఏం లెక్కపెట్టుకుంటున్నారో మీరూ లెక్కపెట్టడం నేర్చుకోండి. ఆ లెక్క అందనంతకాలం ఎంత గొప్ప సోలో అయినా నోటికొచ్చింది వాగినట్టే ఉంటుంది. అన్నీ ఒకేలా వినిపించడానికి కారణం అదే.

ట్రాక్ పేరు 'సో వాట్'. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటిది, తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకండి. డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగదు. పైగా ఇందులో అసలు పల్లవి ఎత్తుకునేదే బాస్. మామూలు వైర్ ఇయర్‌ఫోన్లు చాలు.

మొదటి అర నిమిషం పియానో, బాస్ తాళం లేకుండా తడుముకుంటున్నట్టు సాగుతాయి. అది వదిలేయండి. తర్వాత బాస్ ఓ చిన్న ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్లు రెండే రెండు దెబ్బల్లో జవాబు చెప్తారు. లెక్క ఇక్కడ మొదలు. ఒక బార్‌కి 4 దెబ్బలు, అంటే ఆది తాళం ఒక ఆవర్తనం వేస్తే 2 బార్లు. 4 ఆవర్తనాలు ఒక భాగం, అలాంటి భాగాలు నాలుగు. మొదటి రెండూ ఒకటే, మూడోది మారుతుంది, నాలుగోది మళ్లీ మొదటిదే. మొత్తం 32 బార్లు, మన లెక్కలో 16 ఆవర్తనాలు. దీన్నే వాళ్లు ఒక 'కోరస్' అంటారు (వెనకాల గుంపుగా పాడే కోరస్ కాదు). ఈ వేగంలో ఒక కోరస్ నిమిషం లోపే అయిపోతుంది.

మూడో భాగం పట్టుకోవడం కర్ణాటక సంగీతం విన్న చెవికి తేలికే. మొదటి రెండు భాగాల స్వరాలు మన ఖరహరప్రియవే, వాళ్లు డోరియన్ అంటారు. షడ్జమం రెండు శ్రుతి. మూడో భాగంలో అదే ఖరహరప్రియ మొత్తంగా రెండున్నర శ్రుతికి జరుగుతుంది, నాలుగో భాగంలో వెనక్కి వచ్చేస్తుంది. కచేరీ మధ్యలో ఎవరో తంబూరా శ్రుతి పెంచేసి మళ్లీ దించినట్టు ఉంటుంది. అలాగని రాగం కోసం వెతక్కండి. గమకాలుండవు, సంచారాలుండవు, స్వరాల వరుస ఒక్కటే ఉమ్మడి.

ఒకటిన్నర నిమిషం దగ్గర డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద గట్టిగా ఒక్కటి వేస్తాడు. అక్కడ మైల్స్ సోలో మొదలు. మైల్స్‌కి 2 కోరస్‌లు, జాన్ కోల్ట్రేన్‌కి 2, కానన్‌బాల్ అడర్లీకి 2, పియానో బిల్ ఎవాన్స్‌కి 1. కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్, అడర్లీ ఆల్టో. ఒకే మెట్ల మీద ఒకరు పొదుపుగా, ఒకరు తోసుకుంటూ, ఒకరు కులాసాగా ఎక్కుతున్నట్టు వినిపిస్తే లెక్క కుదిరినట్టే.

సాధారణంగా తప్పేది రెండు చోట్ల. ఒకటి, చప్పట్లు 1, 3 మీద పడటం. సమం మీద దెబ్బ వేసే అలవాటు మనది. ఇక్కడ హై-హ్యాట్ (డ్రమ్మర్ కాలితో మూసే జంట సింబల్స్) 2, 4 మీద మూసుకుంటుంది, చెయ్యి అక్కడ వెయ్యండి. రెండు, లెక్క తప్పగానే వెనక్కి తిప్పడం. తిప్పకండి. ఆ రెండున్నర శ్రుతి వచ్చేదాకా ఆగి, అది మూడో భాగం కాబట్టి అక్కణ్ణుంచి అందుకోండి.

తర్వాత అదే ఆల్బమ్‌లో 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' వినండి. ఇది 12 బార్ల బ్లూస్, నాలుగేసి బార్లు మూడుసార్లు. ఈ 32, ఈ 12 చేతికొస్తే అంతకుముందు ముప్ఫై ఏళ్ల జాజ్‌లో చాలా భాగం తలుపు తీస్తుంది.

ఇప్పుడు చరిత్ర, కానీ వెనక్కి నడవండి. చాలామంది 1917లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ చేసిన మొదటి జాజ్ రికార్డుతో మొదలెట్టి, ఆ గరగర భరించలేక మానేస్తారు. 1925కి ముందు రికార్డింగ్‌కి మైకు వాడేవాళ్లు కాదు, పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించేవాళ్లు. డ్రమ్స్ సరిగ్గా ఎక్కేవి కావు. మీరు వినేది ఆ బ్యాండ్ అసలు ధ్వని కాదన్నమాట.

అందుకని మనుషుల్ని పట్టుకుని వెళ్లండి. శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ 1945 నవంబరులో రికార్డు చేసిన 'నౌస్ ద టైమ్'లో ట్రంపెట్ 19 ఏళ్ల మైల్స్‌దే. అదీ 12 బార్లే, లెక్కపెట్టండి. అదే రోజు చేసిన 'కోకో' వేగం చూసి బెదరొద్దు. ఇదంతా ఉన్నట్టుండి ఊడిపడిందేమిటి అనిపిస్తే దానికో కారణం ఉంది. 1942 ఆగస్టు నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగ్ మానేసింది, 1944 దాకా సాగింది. న్యూయార్క్‌లోని హార్లెంలో బీబాప్ (పార్కర్ వాయించే ఈ కొత్త జాజ్ శైలి) రూపుదిద్దుకున్న రోజులకు రికార్డులు చాలా తక్కువ.

ఆపైన 'బాడీ అండ్ సోల్' ఒక్క పాటనే నలుగురి దగ్గర వినండి: ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930, కోల్‌మన్ హాకిన్స్ 1939, బిల్లీ హాలిడే 1940, కోల్ట్రేన్ 1960. హాకిన్స్ అసలు వరసను కాస్త తాకి వదిలేస్తాడు, అయినా 32 బార్లూ కింద నడుస్తూనే ఉంటాయి. చివరికి 1928 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. మొదట్లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటరిగా ఊదే కొన్ని సెకన్లు వింటే తర్వాతివాళ్లంతా ఎవరి బాకీదారులో తెలుస్తుంది.

పుస్తకం పట్టినప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చదవండి. 'కైండ్ ఆఫ్ బ్లూ' విడుదలైంది 1959 ఆగస్టు 17న. ఎనిమిది రోజులకే న్యూయార్క్‌లో తాను వాయిస్తున్న బర్డ్‌ల్యాండ్ క్లబ్బు బయట నిలబడ్డందుకు పోలీసులు మైల్స్ తల పగలగొట్టారు.

యాప్‌లో పక్కన కనిపించే సంవత్సరం తరచుగా రీఇష్యూది, నమ్మకండి. 'ఆల్టర్నేట్ టేక్' (అదే పాటకి పక్కన పెట్టిన ఇంకో రికార్డింగ్) అని ఉన్నవి మొదటి నెల వదిలేయండి. 'కైండ్ ఆఫ్ బ్లూ' అసలు ఎల్పీలో 5 ట్రాక్‌లే.

పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ వాయించిన 'రిమెంబర్ శక్తి' అనే ఫ్యూజన్ బృందం ద్వారా వద్దామనుకునేవాళ్లు మనలో చాలామంది. అది హాయిగా వినండి, కానీ ఈ కోరస్ లెక్క అక్కడ అబ్బదు.

డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన 'టేక్ ఫైవ్' బార్‌కి ఐదు దెబ్బలది. ఖండచాపులా 2+3 వేస్తే పియానోతో గొడవే, 3+2 వెయ్యండి. ఆర్నెట్ కోల్‌మన్ 1959 ఆల్బమ్ 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' అన్నిటికన్నా చివర. అందులో పియానో లేదు, సోలోల్లో బార్లు లెక్కపెడితే దొరకవు. అప్పటికి మీకు లెక్క వచ్చి ఉంటుంది కాబట్టి, ఆయన దేన్ని వదిలేశాడో వినిపిస్తుంది.