హాజరు కాగలరు – కాగలరా?

సందేహం: మేస్టారికి నమస్కారం. మాది కోనసీమలో కాలవగట్టు మీద ఊరు. చిన్నప్పుడు పోలియో వచ్చి చంకకర్రల మీద నడుస్తున్నాను. మా పంచాయతీ వాళ్లు గ్రామసభకు కరపత్రం వేయిస్తూ, తప్పులుంటే దిద్దమని నా చేతికిచ్చారు. అందులో ఇలా ఉంది: “దివ్యాంగులకు ప్రత్యేక ఆహ్వానం. దివ్యాంగుల సంక్షేమం కొరకు చేపట్టబోవు కార్యక్రమములు వివరించబడును. కావున దివ్యాంగులు, వారి సంరక్షకులు తప్పక హాజరు కాగలరు.” ‘దివ్యాంగులు’ అన్న మాట నాకు నచ్చదు. కార్యదర్శిగారు ‘విభిన్న ప్రతిభావంతులు’ అని మార్చమంటున్నారు. మా నాన్నగారేమో ‘వికలాంగులంటే తప్పేవిఁట్రా, పుట్టినకాణ్ణించీ అదే అంటన్నాం కదా’ అంటారు. ఏది సరైన మాట? ఇంకొకటి. మేము లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ చేయవద్దనే అర్థంలో ఇంగ్లీషులో ఒక నినాదం ఉంది. బ్యానరు మీద దాన్ని తెలుగులో ఎలా రాస్తే బాగుంటుంది? అడగడానికి కారణం ఉందండి. పోయినసారి సభ మేడ మీద హాల్లో పెట్టారు. నేను కింద అరుగు మీద కూర్చుని మైకులో విన్నాను.

సమాధానం: పేర్ల తగువు తొందరగానే తేలుతుంది. నన్ను ఎక్కువసేపు ఆపింది మీ కరపత్రంలోని ఆఖరి మాట. దానికి తరవాత వస్తాను.

‘కళ’ అంటే భాగం. చంద్రుడి పదహారు కళల్లో ఉన్నది ఆ కళే. ఆ భాగం లోపిస్తే వికలం. వికలమైన అంగం కలవాడు వికలాంగుడు, బహువ్రీహి సమాసం. చక్రం చేతిలో ఉన్నాయన చక్రపాణి అయినట్టే ఇదీను. బహువ్రీహి స్వభావమే అంత, ఒక్క గుర్తు పట్టుకుని మొత్తం మనిషిని చెప్పేస్తుంది. విష్ణుమూర్తికి శంఖం ఉంది, గద ఉంది, పక్కన లక్ష్మీదేవి ఉంది. చక్రపాణి అన్నామంటే అవన్నీ పక్కకు పోతాయి. దేవుడికైతే నష్టం లేదు, ఆయనకు వేయి పేర్లున్నాయి. మీకున్నది ఒక్క పేరు. దాన్నీ ఊళ్లో చాలాచోట్ల ‘కుంటి ఫలానా’ అనే పిలుస్తారు.

దివ్యాంగుడు కూడా బహువ్రీహే. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. మరుసటి ఏడు కేంద్రంలో ఆ శాఖ హిందీ పేరులోకీ ఎక్కింది. గౌరవించాలనే ఉద్దేశంతో తెచ్చిందే, కాదనను. కానీ సమాసంలో అంగం అక్కడే ఉంది, దాని ముందు విశేషణం ఒక్కటే మారింది. నెప్పెడుతున్న మోకాలిని ఎవరైనా దివ్యమైనది అంటే, ఆ మోకాలు గలాయనకు ఎలా ఉంటుందో నేను చెప్పగలను, నాకు ఈ మధ్యే మొదలైంది. వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం పనిచేసేవాళ్లలో చాలామంది ఈ పేరు వద్దన్నది కూడా ఇందుకే. పైగా తెలుగు చెవికి దివ్యాంగన పక్కనే ఉంది. పంచాయతీ ఆఫీసుకు రంభా ఊర్వశుల్ని పిలిచినట్టుంటుంది.

విభిన్న ప్రతిభావంతులు మన రాష్ట్రంలో శాఖ పేరు కాబట్టి కార్యదర్శిగారి మీద తప్పు లేదు. అయితే ఆత్రేయపురంలో పూతరేకు చుట్టే మనిషిదీ విభిన్నమైన ప్రతిభే, మన వీధిలో సన్నాయి ఊదే ఆయనదీ విభిన్నమైన ప్రతిభే. కరపత్రం చదివి వాళ్లంతా వచ్చేస్తే? అసలు గ్రామసభకు రావడానికి ప్రతిభ ఎందుకండీ? నాకు ఏమీ లేదు, నేను వెళుతూనే ఉంటాను.

నా ఓటు ‘వైకల్యం ఉన్నవారు’ అన్నదానికి. వికల శబ్దానికి భావార్థంలో వచ్చిన రూపం వైకల్యం. ఇక్కడ మనిషి వేరు, వైకల్యం వేరు, మధ్యలో ‘ఉన్న’ అనే చిన్న తెలుగు మాట. ముందు ‘అంగ’ కూడా అక్కర్లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది, 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. ఆటిజం, తలసీమియా అంగవైకల్యాలు ఎలా అవుతాయి? మీ నాన్నగారి మాట తప్పేమీ కాదని ఆయనకు చెప్పండి. ఎన్నో పోరాటాలు, సంఘాలు ఆ పేరుతోనే నడిచాయి. మీకు మాత్రం ఏ పేరు బాగుంటుందో చెప్పవలసింది మీరే. ఆ విషయంలో నిఘంటువు కన్నా మీ ఇష్టమే పెద్ద ప్రమాణం.

ఇక కరపత్రం.

“హాజరు కాగలరు.” తెలుగులో ‘కల’ ధాతువు శక్తిని చెబుతుంది. ఈదగలడు అంటే ఈదే శక్తి ఉందని. ‘విచ్చేయగలరు’, ‘గమనించగలరు’ అని ఆఫీసు తెలుగు దీన్ని ప్రార్థనార్థంలోకి లాక్కుపోయింది. నలభై ఏళ్లుగా దిద్దుతూనే ఉన్నాను, ఒక్క గుమాస్తా వినలేదు. మామూలుగా అయితే చూసీచూడనట్టు పోయేవాణ్ణి. మీ కరపత్రంలో మాత్రం ఆ మాట నిజంగా గుచ్చుకుంది. సభ మేడ మీద పెట్టి, కాళ్లు సహకరించని మనిషికి ‘మీరు హాజరు కాగలరు’ అని అచ్చువేసి పంచుతున్నారు! కాగలరో లేదో చూసుకోవలసింది ఎవరు? వ్యాకరణం తప్పు, విషయమూ తప్పు ఇలా ఒకే మాటలో దొరకడం అరుదు.

2016 చట్టం వైకల్యం ఉన్న వ్యక్తిని నిర్వచించిన తీరు చూడండి. దీర్ఘకాలం ఉండే శారీరక, మానసిక, బౌద్ధిక, ఇంద్రియ లోపం అడ్డంకులతో కలిసి, మిగతావారితో సమానంగా సమాజంలో పాల్గొననివ్వకపోతే అది వైకల్యం. లోపం ఒక్కటే చాలదు, దానికి అడ్డంకి కలవాలి. అంటే మీ పంచాయతీ మేడ మెట్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఆ లెక్కన పోయినసారి మీ కాలుది సగం, మెట్లది సగం.

మెట్ల మాట వచ్చింది కాబట్టి, ‘ర్యాంపు’కు తెలుగు ఏమిటని మీరు ఎలాగూ అడుగుతారు. డెల్టాలో ర్యాంపు అంటే ఇసుక ర్యాంపే. పంచాయతీకి ర్యాంపు కావాలని తీర్మానం రాస్తే, లారీలు ఎన్ని వస్తాయని అడుగుతారు. ‘మెట్ల పక్కన వాలు’ అని రాయండి, సరిపోతుంది. సఖినేటిపల్లి రేవులో మోటారుసైకిళ్లు పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) మీదికి ఎక్కేది వాలు మీదే, ఎవరూ మెట్లు కట్టలేదు. చక్రాల కుర్చీకైతే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క. ఆరంగుళాల మెట్లు అయిదుంటే రెండున్నర అడుగులు, దానికి ముప్పయి అడుగుల వాలు. మేడకైతే అది అయ్యే పని కాదు. సభను కిందికి దించడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

“వివరించబడును.” ఎవరు వివరిస్తారు? ఈ ‘బడు’ ప్రయోగంలో కర్త మాయమైపోతాడు. వివరించేవారు తెర వెనక, వినేవారు కింద కుర్చీల్లో. “సంక్షేమం కొరకు” – ఇది చతుర్థి. వైకల్యం ఉన్నవారి మీద అచ్చయ్యే కరపత్రాలు, బ్యానర్లు ఓ పదేళ్లవి నా దగ్గరున్నాయి (ఇంట్లోవాళ్లు చిత్తుకాగితాలంటారు). తిరగేసి చూస్తే ఆ మనుషులు ఎప్పుడూ ‘వారి కోసం’, ‘వారికి’, ‘వారి పట్ల’ అనే రూపాల్లోనే కనిపిస్తారు. వారికి చేయూత, వారికి పంపిణీ, వారి పట్ల సానుభూతి. ‘వారికి’లోని ‘కి’ చతుర్థి కదా అనకండి, చిన్నయసూరి లెక్కలో అది షష్ఠి. విభక్తి ఏదైనా, వారు వాక్యంలో పుచ్చుకునేవారే. ఊళ్లో వీరి ప్రస్తావన వచ్చేది ఒకటో తారీఖున పింఛను పంచేటప్పుడు, లేకపోతే వైకల్యం ఎంత శాతమో తేల్చి పత్రం ఇచ్చే సదరం శిబిరానికి తేదీ వచ్చినప్పుడు. ‘సదరంలో ఎంత శాతం వచ్చింది?’ అన్నది కుశలప్రశ్న అయిపోయింది. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చి పెట్టిన పేరే గానీ, చివర సున్నా చుట్టుకుని అచ్చ తెలుగు మాటలా కూర్చుంది.

వారు ప్రథమా విభక్తిలోకి రావాలి. ‘వారు అడుగుతారు, వారు తీర్మానం పెడతారు, వారు వద్దంటారు’ అనే వాక్యాలు కావాలి. దానికి తెలుగులో చక్కని క్రియ ఉంది – పాల్గొను. పాలు, కొను అనే రెండు మాటలు కలిస్తే పాల్గొను అయింది. ఈ పాలు తాగే పాలు కాదు, పంచుకునే పాలు, వాటా. ‘సగపాలు’ అన్నప్పుడు వినిపించే పాలు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు తన పాలు తాను తీసుకునే మనిషిని ఎవరూ ప్రత్యేక ఆహ్వానితుడు అనరు. హాజరు అట్లా కాదు, ఆ అరబ్బీ మాటకు ఉన్నచోట ఉండటమే అర్థం. మీరు పోయినసారి అరుగు మీద కూర్చుని హాజరయ్యారు. పాల్గొనలేదు.

‘ప్రత్యేక ఆహ్వానం’ కూడా అందుకే కొట్టెయ్యండి. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లంతా కలిస్తేనే గ్రామసభ. మీ పేరు ఉంది కదా? అయితే మీరు ఆ సభలో అతిథి కారు, సభ్యులు. ‘సంరక్షకులు’ అన్నదీ నాకు రుచించలేదు. ఓటున్న మనిషికి సంరక్షకుడేమిటి? తోడు రావలసినవాళ్లు వస్తారు, తోడు అంటే చాలు.

నినాదం సంగతి. మాటకు మాట పెడితే ‘మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అవుతుంది. అర్థమవుతుంది గానీ నోట్లో తిరగదు. పెద్దమనుషుల తగువుల్లో మనవాళ్లు అనేది ‘తేల్చడం’. కాబట్టి “మేం లేకుండా మా సంగతి తేల్చొద్దు.” రెండు అరుపుల్లో అరవచ్చు, బ్యానరు మీద ఒక్క వరసలో పడుతుంది.

ఇక్కడ ఇంగ్లీషుకు లేని ఇబ్బంది ఒకటి తెలుగుకు ఉంది. ఇబ్బంది అనడం కన్నా సౌకర్యం అనాలేమో. వాళ్లకు ఒకటే మాట, మనకు మేము, మనము రెండున్నాయి. మేములో ఎదుటివాడు లేడు, మనములో ఉన్నాడు. మీ సంఘం పట్టుకునే బ్యానరుకు ‘మేం, మా’ సరైనవి. ఊరితో మాట్లాడుతున్నారు కాబట్టి ఊరు అవతల ఉంటుంది. అదే పంచాయతీ వేసే కరపత్రంలో ‘మేము’ వాడితే మీరు బయటికి పోతారు, ‘వారు’ అన్నా పోతారు. అక్కడ పడవలసింది ‘మనం’. కొత్తగా వచ్చిన కోడలు ‘మీ ఇల్లు’ అనడం మానేసి ‘మనిల్లు’ అన్న రోజు అత్తగారికి గుర్తుంటుంది చూడండి, అంత తేడా.

మీరు అడగలేదు గానీ, సామెతల సంగతి కూడా చెబుతాను, మీ సభలో మైకు పట్టుకునే పెద్దలకు పనికొస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక సభలో ఆవేశంలో నేనే ‘ఈ పాలకులు గుడ్డివాళ్లు, చెవిటివాళ్లు’ అన్నాను. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే ముందు వరసలో నల్లకళ్లద్దాలాయన నా చెయ్యి తడిమి పట్టుకుని, ‘మేస్టారూ, ఆళ్లకి కళ్లు బాగానే ఉన్నాయండి. చూసే ఊరుకుంటన్నారు’ అన్నాడు. ‘ఆయ్’ అని తల వంచుకోవడం తప్ప ఏమీ తోచలేదు. అప్పటి నుంచి మనుషుల్ని తిట్టడానికి ఆ మాటలు వాడను. కుంటిసాకులో ‘కుంటి’ తీసేసినా సాకు సాకే. గుడ్డిగా నమ్మాడు అనేచోట కళ్లు మూసుకుని నమ్మాడంటే ఇంకా బాగుంటుంది, తప్పు కళ్లది కాదు, మూసుకున్నవాడిది. అలాగని గుడ్డి వెన్నెలను, గుడ్డి దీపాన్ని ఏరి పారేయమనను. పాత తెలుగులో గ్రుడ్డి, తమిళంలో కురుడు, కన్నడంలోనూ కురుడే. అంత పాత మాట, దానికి మసక అనే అర్థమూ ఉంది. లాంతరును ఎవరూ అవమానించడం లేదు. ‘చెవిటిమూగ’ అని జంటగా అనడం మాత్రం మానాలి. వినపడని వారందరికీ మాట రాదనుకోవడం పొరపాటు. పైగా వారికి సైగల భాష ఉంది, దానికి వ్యాకరణమూ ఉంది. ఆ భాష తెలిసిన మనిషిని ఒకరిని సభకు పిలిపించమనండి.

కరపత్రం నేనైతే ఇలా రాస్తాను:

“మన గ్రామసభ. మన ఊళ్లో వైకల్యం ఉన్నవారు ఈసారి తమ సమస్యలు, సూచనలు తామే సభ ముందు పెడతారు. వాటి మీద మనమందరం చర్చించి తీర్మానాలు చేద్దాం. సభ కిందనే, చెట్టు కింద. మెట్లు లేవు. సైగల భాషలో చెప్పేవారు ఉంటారు. తోడు కావలసినవారు, బండి కావలసినవారు ఒకరోజు ముందు పంచాయతీలో చెప్పండి. అందరూ వచ్చి పాల్గొనండి.”

‘మెట్లు లేవు’ అన్న వాక్యం కార్యదర్శిగారు కొట్టేస్తానంటారు, కరపత్రంలో ఇదేమిటని. కొట్టెయ్యనివ్వకండి. అరుగు మీద నుంచి లేచి రావలసినవారు ముందు వెతుక్కునేది దాన్నే. మరొకటి, ప్రూఫు మీరే చూడండి. మన అచ్చుయంత్రాల దగ్గర ‘వైకల్యం’ వికల్యంగానూ, ‘వైఖల్యం’గానూ పడుతుంది. బ్యానరు మీదైతే పడ్డాక దిద్దడం కుదరదు. పంచాయతీ అంటే ఆఫీసు, పంచాయితీ అంటే తగువు, ఆ గుడి ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి.