బయటికొస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వచ్చే నెల నీ విడుదల అని మీ బావమరిది ఫోన్ చేశాడు. వరంగల్ జైలు వడ్రంగి షెడ్డులో మనం కలిసి పని చేసిన సంగతి చెప్పి, బయట ఎట్లా నెగ్గుకురావాలో నన్ను రాయమన్నాడు. 2021లో ఆ జైలు ఖాళీ చేయించి మిమ్మల్ని వేరే జైళ్లకు పంపేనాటికి నేను బయటే ఉన్నా. అప్పటి నుంచి చూసినవి రాస్తున్నా. ఉత్తరాలు చదివాకే ఇస్తారు కదా, మీ సార్లు కూడా చదువుకోనీ.

ముందు విడుదల రోజు సంగతి. మీ ఊరి కుర్రాళ్లు కార్లేసుకుని దండలు, టపాసులతో గేటు దగ్గరికి వస్తామంటున్నారట. వద్దని ములాఖత్‌లోనే చెప్పెయ్. ఆ వీడియో సాయంత్రానికల్లా, మీ పొలం గట్టు గొడవలో చనిపోయినాయన ఇంట్లో ఫోన్లకు చేరుతుంది. ఆయన కొడుకు ఇప్పుడు ఇంటర్ చదివే వయసువాడు. నిన్ను తీసుకెళ్లడానికి మీ సొంత అన్న ఒక్కడు వస్తే చాలు. అలాగని క్షమించమంటూ నువ్వే వాళ్ల గడప తొక్కకు. కొన్నాళ్లు ఆగి, రెండిళ్లకూ కావలసిన పెద్దమనిషితో కబురు పంపు. వద్దంటే వదిలెయ్. వాళ్ల గల్లీలోంచి కాకుండా చెరువు కట్ట మీంచి చుట్టూ తిరిగి వెళ్తే నీకు పోయేదేం లేదు.

ఇక ఇల్లు. అసలు కష్టం అక్కడే. నువ్వు లేనన్నాళ్లూ మీ ఆవిడ మహిళా సంఘంలో అప్పు తీసుకుని, కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపింది. పిల్ల ఫీజు, కరెంటు బిల్లు, చిట్టీ డబ్బు అన్నీ ఆమె లెక్కలోనే ఉన్నాయి. పిలిచీ పిలవనట్టు పిలిచిన పెళ్లిళ్లకు పోయి, పక్కవాళ్లు గుసగుసలాడుతుంటే వినబడనట్టు తిని వచ్చింది. కాబట్టి వెళ్లగానే పెత్తనం అడగకు. కొన్నాళ్లు ఆమె చెప్పిన పని చెయ్. నీళ్లు పట్టు, పిల్లను బడికి దింపు. మగతనానికి వచ్చిన లోటేం లేదు.

పిల్లకు నువ్వు దుబాయ్‌లో ఉన్నావని చెప్పారట. మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే చెప్తారు. బడిలో ఎవరో ఒకరు అసలు మాట ఈపాటికే అనే ఉంటారు. బొమ్మలు కొనుక్కుని విమానం దిగినట్టు నటించకు. మీరిద్దరూ పక్కన కూర్చోబెట్టుకుని, "నాన్న గొడవలో పెద్ద తప్పు చేశాడు, జైల్లో ఉన్నాడు, శిక్ష అయిపోయింది, వచ్చేశాడు" అని చెప్పండి. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మిగతాది పెద్దయ్యాక.

పని అడిగేచోటా అంతే. దాచకు, అట్లాగని పొలం గట్టు తగాదా మొదటి నుంచీ విప్పకు. ఒక్క మాటలో చెప్పి ఊరుకో. నాకు చాలా చోట్ల "చూసి చెప్తాం" అన్నారు, ఫోన్ రాలేదు. ఒక సేటు మాత్రం మొత్తం విని, ఊగుతున్న కుర్చీ ఒకటి నా ముందుకు తోసి "ఇది బిగించు" అన్నాడు. ఇప్పటికీ అక్కడే చేస్తున్నా. అక్కడ కూడా మొదట్లో గల్లాపెట్టె దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. స్క్రూడ్రైవర్ కనబడకపోయినా ముందు నా సంచీ వైపే చూసేవాళ్లు. నీకూ ఇది తప్పదు. కోపం వస్తుంది, న్యాయమైన కోపమే. కానీ వేరేవాళ్లు గట్టిగా మాట్లాడితే కోపమంటారు, మనం మాట్లాడితే కేసు గుర్తు చేస్తారు. కాసేపు బయటికెళ్లి టీ తాగిరా.

తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు కూడా పనిస్తున్నారు. లోపల ఉండగానే సూపరింటెండెంట్ గారిని అడిగి చూడు.

కాగితాల విషయం. విడుదల పత్రం, జైలు కూలి లెక్క చేతికందాకే గేటు దాటు. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది, ఆధార్ పట్టుకెళ్లి మళ్లీ తెరిపించుకో. జైల్లో ఉన్నంతకాలమే ఓటు ఉండదు. బయటికొచ్చాక వెయ్యొచ్చు, జాబితాలో పేరు చూసుకో. ఎన్నికలప్పుడు బైండోవర్‌కు, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాసివ్వడానికి, రమ్మని కబురొస్తే తప్పించుకు తిరగకు, తెలిసిన వకీలునో సర్పంచ్‌నో వెంటబెట్టుకుని వెళ్లు. వకీలుకు డబ్బుల్లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చెయ్. ఇక నిజంగానే దుబాయ్ వెళ్దామనిపిస్తే, పాస్‌పోర్టు దరఖాస్తులో కేసు సంగతి రాయొద్దనే ఏజెంటు మాట వినకు. దాచినట్టు తేలితే అదో కొత్త తలనొప్పి.

వచ్చాక ఒక ఆదివారం మీ ఆవిడనూ పిల్లనూ తీసుకుని మా ఇంటికి రా. మా సేటుతో నీ గురించి ఒక మాట అని పెట్టాను. ఖాయం అనలేదు, చూద్దామన్నాడు.

మీ అన్న