సమాధానం: ఇగ్వాసులో చేతి మీద వాలిన “88” సీతాకోకచిలుక

దక్షిణ అమెరికాలోని ఇగ్వాసు జలపాతాల దగ్గర మీ చేతి మీద వాలిందన్న సీతాకోకచిలుకను, ఫొటో చూసి పేరు చెప్పే యాప్ కాలికోర్ అని చూపించిందన్నారు కదా, అక్కడే పొరపాటు జరిగింది. నాకైతే ఇది డయేత్రియా క్లైమెనా లాగే ఉంది. యాప్‌ను మరీ తిట్టకండి, కాలికోర్, డయేత్రియా అనే ఈ రెండు ప్రజాతులకూ (దగ్గరి జాతుల గుంపులకూ) వెనక రెక్క అడుగున అంకెల్లాంటి గుర్తులుంటాయి.

తేడా ఆ అంకెల్లోని సున్నాల లోపల చూడాలి. కాలికోర్‌లో నల్లటి మచ్చల మధ్య నీలం, తెలుపు చుక్కలు ఉంటాయి. డయేత్రియాలో తెల్లటి నేల మీద నల్ల గీతలు, ముగ్గు వేసినట్టు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మీ ఫొటోలో ఉన్నవి గీతలే. ముందు రెక్క అడుగున ఎరుపు కూడా సరిపోయింది. అంకె 88 లాగా ఉందా, 89 లాగా ఉందా అని టెన్షన్ పడొద్దు, అది ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది.

అయితే డయేత్రియాలో వేరే జాతులూ ఉన్నాయి. రెక్కలు విప్పిన ఫొటో ఉంటే పెట్టండి. క్లైమెనాకు పైన నలుపు మీద మెరిసే నీలి ఆకుపచ్చ పట్టీ కనిపించాలి.

వర్గీకరణ అడిగారు కాబట్టి: కుటుంబం నింఫాలిడే, ఉపకుటుంబం బిబ్లిడినే. మన ఆముదం చేలల్లో తిరిగే కామన్ కాస్టర్ సీతాకోకచిలుక కూడా ఈ ఉపకుటుంబమే! ఫొటోలో కాళ్లు నాలుగే కనిపిస్తున్నాయన్నారు, కాలు విరగలేదు లెండి. ఈ కుటుంబంలో ముందు జత కురచగా ముడుచుకుని ఉంటుంది.

చేతి మీద వాలింది చెమటలోని ఉప్పు కోసం.