డిజిటల్ పీసీఆర్ సరే, ముందు రక్తం ఏ ట్యూబులో తీశారో అడగండి

మీ నాన్నగారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రక్తంతో చేసిన రియల్‌టైమ్ పీసీఆర్ (గడ్డ నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్ఏని కాపీలు చేసి పెంచి, అందులో మార్పు ఉందేమో చూసే పరీక్ష) నెగెటివ్ వచ్చిందనీ, డాక్టరు ఇంకా సూక్ష్మంగా చూసే డిజిటల్ పీసీఆర్ రాశారనీ, అంత డబ్బు పెట్టడం దండగేమోననీ అడిగారు. దండగ కాదండీ, చేయించండి. నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ఈ పరీక్షలే చేస్తుంటాను.

మా దగ్గరికి ఒక పెద్దాయన శాంపిల్ వచ్చింది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో వచ్చిన మార్పుకి (మ్యుటేషన్‌కి) వాడుతున్న పాత తరం మాత్రలు కొన్నాళ్ళు బాగా పనిచేసి, తర్వాత గడ్డ మళ్ళీ పెరిగింది. ఇలాంటివాళ్ళలో చాలామందికి అదే జన్యువులో టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది, దాంతో ఆ మాత్రలు పనిచేయవు. అది దొరికితే ఒసిమెర్టినిబ్ అనే మందు ఇవ్వొచ్చు. ఆయనకి ఊపిరి ఆడటమే కష్టంగా ఉంది, మళ్ళీ బయాప్సీకి పడుకోబెట్టే వీల్లేదు. రియల్‌టైమ్‌లో ఏమీ రాలేదు. మిగిలిన డీఎన్ఏని డిజిటల్ పీసీఆర్ చేసే డ్రాప్లెట్ మిషన్లో పెట్టాం. 20 మైక్రోలీటర్ల ద్రవాన్ని అది దాదాపు 20,000 చుక్కలుగా విడగొడుతుంది, ప్రతి చుక్కలోనూ పీసీఆర్ విడిగా జరుగుతుంది. బస్తా బియ్యంలో కనపడని నల్లగింజ, గుప్పెడు గుప్పెడు చాటలో పోసి చూస్తే దొరికినట్టే. స్క్రీన్ మీద బూడిదరంగు గుంపుకి పైన నీలం చుక్కలు, అంటే ఆ మార్పు ఉన్నవి, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కంట్రోల్స్ (పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి పక్కన పెట్టే శాంపిళ్ళు) శుభ్రంగా ఉన్నాయి. అయినా టెన్షన్‌తో ఇంకోసారి చేశాం. మళ్ళీ వచ్చాయి. ఆ సాయంత్రమే రిపోర్టు పంపాం.

అంతా మిషన్ గొప్ప అనుకోకండి. ఆ రక్తం సరైన ట్యూబులో, సమయానికి వచ్చింది. మామూలు ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మాత్రమే చూసేది) తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, వేరుచేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏలో క్యాన్సర్ డీఎన్ఏ కలిసిపోతుంది. మే నెల ఎండలో బండి మీద పొద్దంతా తిరిగి వచ్చిన ట్యూబులు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నన్నడిగితే తప్పుడు నెగెటివ్‌లలో సగం కలెక్షన్ దగ్గరే పుడుతున్నాయి.

ఇంకో బాధ, చాలా రిపోర్టుల్లో ‘ఉంది’, ‘లేదు’ అని రాసి వదిలేస్తారు. 1999లో అమెరికా శాస్త్రవేత్తలు వోగెల్‌స్టైన్, కింజ్లర్ డిజిటల్ పీసీఆర్ అని పేరు పెట్టి చూపించిందే ఒక్కో అణువునీ లెక్కపెట్టడానికి. స్టాండర్డ్ కర్వ్ (ముందే లెక్క తెలిసిన శాంపిళ్ళతో గీసే పోలిక గీత) అక్కర్లేకుండానే అంకె చేతికొస్తుంటే, మిల్లీలీటరు ప్లాస్మాకి ఎన్ని కాపీలో రాయడానికేం? రేపు మందు పనిచేస్తోందో లేదో పోల్చుకోవడానికి ఆ అంకే కావాలి.

మీ నాన్నగారిని వీలైతే నేరుగా ల్యాబుకే పొద్దున్నే తీసుకెళ్ళండి. కుదరకపోతే, కణాలు పగలకుండా కాపాడే ప్రత్యేక ట్యూబు కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి. ఇందులోనూ నెగెటివ్ వస్తే అక్కడితో ఆగకండి. కొన్ని గడ్డలు రక్తంలోకి దొరికేంత డీఎన్ఏ వదలవు, అప్పుడు బయాప్సీ సంగతి డాక్టరుగారిని అడగండి.