వెనక షాకులు: స్ప్రింగ్ కాదు, ముందు రాడ్ చూడు

తమ్ముడూ, ఆర్‌ఎక్స్ 100 బైకు గుంతలో పడితే మూడుసార్లు ఊగుతోంది, ఆయిల్ కారుతోంది, స్ప్రింగులు మార్చాలా అని అడిగావు. వద్దు. ఊపుని ఆపేది షాక్ (షాక్ అబ్జార్బర్) లోపలి ఆయిల్, అదే పోయింది.

బండి నుంచి షాక్ విప్పి, లోపలికీ బయటికీ ఆడే ఇనుప రాడ్ మీద గోరుతో గీసి చూడు. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. ఉప్పుగాలికి నా రాడ్ మీద ఆవగింజంత తుప్పు గుంటలు పడ్డాయి. గోరు తగులుకుందంటే, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్‌ని కొత్తది వేసినా ఆ గుంట కోసేస్తుంది. అప్పుడు జత కొత్తవే కొను, ఒకటే మార్చకు. రాడ్ నున్నగా ఉంటే లేత్ షాపులో సీల్, ఆయిల్ వేయించు. రెండింట్లో ఆయిల్ సమానంగా పోయాలి. షాక్ రెండు చివర్లా ఉండే రబ్బరు బుష్‌లూ మార్చేయ్, చవకే. స్ప్రింగ్ మాత్రం దాన్ని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పకు, ఎగిరి మొహానికి తగులుతుంది.