హామీపత్రం రాయించుకున్నాక కూడా పెండ్లి ఎట్లా అయింది?
(సోషల్ వర్కర్ల ప్రశ్నలు – జవాబులు)

ప్ర: దేవరకొండ దగ్గర ఒక తండాలో పదో తరగతి అమ్మాయి పెండ్లి ఆపించాం. తల్లిదండ్రులు పోలీసుల ముందు హామీపత్రం రాసిచ్చారు. మూడు వారాలకే వేరే జిల్లాలో చుట్టాలింట్లో పెండ్లి చేసేశారు. మేం ఎక్కడ తప్పాం?

జ: కాగితంలోనే తప్పారు. హామీపత్రం మీరినంత మాత్రాన పెండ్లి చెల్లకుండా పోదు. ఆ బలం కోర్టు ఉత్తర్వుకే ఉంది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఇంజంక్షన్ (పెండ్లి చెయ్యొద్దన్న ఉత్తర్వు) ఇవ్వవచ్చు. దీన్ని బాల్యవివాహ నిషేధ అధికారే అడగాలని లేదు, విషయం తెలిసిన ఎవరైనా ఫిర్యాదు పెట్టవచ్చు. లగ్గం దగ్గర పడిందంటే అవతలివాళ్లకు నోటీసు ఇవ్వకుండానే తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకునే వీలుంది. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెండ్లి 14వ సెక్షన్ ప్రకారం మొదటినుంచీ చెల్లదు. ఉత్తర్వే లేకుంటే, మామూలుగా ఆ పెండ్లిని ఆ అమ్మాయి కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవాల్సి వస్తుంది. అందుకు ఆమెకు 20 ఏళ్లు నిండేదాకా గడువుంది. మైనరుగా ఉండగానే వెయ్యాలంటే సంరక్షకులో, ఆమె మేలు కోరే పెద్దలో నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వెయ్యాలి.

వయసు రుజువు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. అందరూ ముందు ఆధార్ అడుగుతారు. జువైనల్ జస్టిస్ చట్టం (2015) 94వ సెక్షన్ చెప్పే వరుస వేరు. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువీకరణ, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన బడి అడ్మిషన్ రిజిస్టర్ పేజీని హెడ్మాస్టర్ సంతకంతో తెచ్చిపెట్టుకోండి. ఆధార్‌లో తేదీ మార్చినా ఆ పేజీ మారదు.

పెండ్లి ఆగిన రోజున ఫైలు మూసెయ్యడం మూడో తప్పు. పెండ్లి ముప్పు ఉన్న పిల్ల చట్టప్రకారం సంరక్షణ అవసరమైన బాలిక. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. ఇంటికి పంపినా ఎవరు ఎప్పుడు వెళ్లి చూడాలో సమితి ఉత్తర్వులో రాయించుకోండి. క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పిపెట్టండి: వరసగా మూడు రోజులు బడికి రాకపోతే ఫోన్ చెయ్యమని. ఇట్లా చుట్టాలింటికి తరలించే సంగతి ముందుగా తెలిసేది హాజరుపట్టీలోనే.

ఇప్పుడు ఆ అమ్మాయి అత్తగారింట్లో ఉంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కూడా వర్తించవచ్చు. 18 లోపు పిల్లతో లైంగిక సంబంధం నేరమే, పెండ్లి అయిందన్న సాకు పనికిరాదు. తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే మీమీదే కేసు పడుతుంది, 6 నెలల దాకా జైలు ఉండొచ్చు. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, ఆ సమయం రాసిపెట్టుకోండి.

ప్ర: కేసు నోట్స్ రాయడమంటేనే విసుగు. ఎవరు చదువుతారు?

జ: కోర్టులో ఎదుటి వకీలు చదువుతాడు. సాధారణంగా కనబడే నోటు ఇది: “తండాకు వెళ్లాను. తండ్రి మొండివాడు. అమ్మాయి బాధగా ఉంది. కౌన్సెలింగ్ ఇచ్చాను.” ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. అదే సందర్శన ఇట్లా రాయాలి: “12-3, ఉదయం 10:40. ఇంట్లో తండ్రి, నాయనమ్మ, అమ్మాయి ఉన్నారు. ‘18న లగ్గం, కార్డులు కొట్టించినం’ అన్నాడు తండ్రి. గోడకు కొత్త బీరువా ఆనించి ఉంది. అమ్మాయిని విడిగా అంగన్‌వాడీలో కలిశాను. ‘నాకు పరీక్షలున్నయి’ అంది. 11:25కి సీడీపీఓకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) ఫోన్ చేశాను.” మొండివాడు అన్నది మీ అభిప్రాయం. కార్డులు కొట్టించడం సాక్ష్యం. అన్న మాట అన్నట్టే, ఆ యాసలోనే రాయండి. అదే రోజు రాయండి. తప్పుపోతే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, వైట్‌నర్ జోలికి పోవద్దు.

“బాల్యవివాహం అడ్డుకున్నాం” అంటూ అమ్మాయి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లల గుర్తింపు బయటపెట్టినవారికి జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ప్ర: మర్రిగూడ వైపు ఒక ఊళ్లో బోరునీళ్ల ఫ్లోరైడ్ గురించి ప్రజావాణిలో (అధికారులు ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో) మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం. ఉలుకూ పలుకూ లేదు.

జ: ఆ దరఖాస్తులో ఏం అడిగారు? నీళ్లు, రోడ్డు, పింఛన్లు అన్నీ ఒకే కాగితంలో ఉంటే అది ఏ శాఖకూ చెందదు. ఒక దరఖాస్తు, ఒక కోరిక, దాని వెంట నీటి పరీక్ష ఫలితం ఉండాలి. శాంపిల్‌కు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్‌కూ గాజుకూ పడదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరునీళ్లను కాసేపు పారనిచ్చి, సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. బోరు ఉన్న చోటు, తేదీ, టైము సీసా మీద రాయండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

రసీదు నంబరు మీద నెల రోజులు చూసి సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా ఫీజు లేదు. “ఎందుకు చెయ్యలేదు?” అని అడిగితే ‘అది సమాచారం కాదు’ అని తిప్పి పంపుతారు. “ఫలానా నంబరు దరఖాస్తు ఫైలు నోట్ పేజీలు, ఏ తేదీన ఏ అధికారి దగ్గర ఉందో తెలిపే రిజిస్టర్ నకలు” అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యాలి. దానికీ ఫలితం లేకుంటే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగినవారి (ఫ్లోరోసిస్) పింఛన్ వేరే పని. వికలాంగుల చట్టం (2016) జాబితాలో ఫ్లోరోసిస్ అన్న పేరు లేదు. కదలికల వైకల్యం కింద పరీక్షించమని వైకల్య ధ్రువీకరణ క్యాంపులో అడగాలి. వైకల్యం 40 శాతం అని తేలితేనే పింఛనుకు దారి.

ప్ర: మహబూబ్‌నగర్‌లో కాంట్రాక్ట్ కౌన్సెలర్‌ని, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాను. ముందుకెళ్లాలంటే ఏ కోర్సు మంచిది?

జ: వారాంతపు సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు పొయ్యకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం ‘సైకియాట్రిక్ సోషల్ వర్కర్’ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ ఉండాలి. ఆ రెండేళ్లు జీతం వదులుకోలేకపోతే స్వయం పోర్టల్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులు) చూడండి, కోర్సు ఉచితం, పరీక్షకే ఫీజు. అంతకన్నా ముందు ఒక పని చెయ్యండి: మీ పాత కేసుల్లో ఐదింటిని, పేర్లు తీసేసి, నెలకోసారి అనుభవమున్న సీనియర్‌తో కూర్చుని చదివించుకోండి. మీ ఆఫీసులో నెలవారీ మీటింగ్ టార్గెట్ల లెక్కతోనే సరిపోతుంటే దాన్ని సూపర్‌విజన్ అనరు.