పెద్ద అప్‌డేట్ నొక్కే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

"కొత్త వెర్షన్ రెడీగా ఉందని ఫోను రోజూ గోల పెడుతోంది, వేసెయ్యనా?" అని అడిగావు. వెయ్యి, కానీ ఈ రాత్రికి వద్దు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్, అంటే భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్, సంగతి వేరు, అది వచ్చిన రోజే వేసుకో. వెర్షన్ అంకె మారే అప్‌డేట్‌కి మాత్రం వెనక్కి దారి ఉండదనుకునే దిగాలి. ఆండ్రాయిడ్‌లో పాతదానికి పోవాలంటే ఫోను మొత్తం తుడిచెయ్యాలి, చాలా మోడళ్లలో అదీ కుదరదు. ఐఫోన్‌లోనైతే, కంపెనీ పాత వెర్షన్‌కి డిజిటల్ సంతకం, అంటే వేసుకోవచ్చనే అనుమతి, ఆపేసిన రోజుతో ఆ దారి మూసుకుపోతుంది. కొత్త ఐఓఎస్‌లో (ఐఫోన్ సిస్టమ్ పేరు అది) తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్‌లోకి ఎక్కను కూడా ఎక్కదు.

అందుకని రెండు మూడు వారాలు ఆగు. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 రాగానే వేసుకున్న కొన్ని పిక్సెల్ ఫోన్లలో (గూగుల్ సొంత ఫోన్లు), ఒకటికి మించి యూజర్ ప్రొఫైళ్లు, అంటే ఒకే ఫోనులో వేర్వేరు ఖాతాలు, ఉన్నవాళ్లకి సొంత స్టోరేజే తెరుచుకోలేదు. "పాయింట్ ఒకటి, అంటే పెద్ద వెర్షన్ తర్వాత వచ్చే మొదటి చిన్న సవరణ, వచ్చేదాకా ఆగితే చాలు" అనేవాళ్లుంటారు. 2014 సెప్టెంబరులో ఐఫోన్ 6లలో సిగ్నల్‌నీ, వేలిముద్రనీ పోగొట్టింది ఐఓఎస్ 8.0.1 అనే పాయింట్ అప్‌డేటే. దాన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి అంకెను నమ్మకు. నీ మోడల్ వాడుతున్నవాళ్లు ఏమంటున్నారో చూసుకో.

ఈలోగా చెయ్యాల్సిన పనులున్నాయి. అన్నిటికన్నా ముందు, నీ పిన్ నీకు గుర్తుందా? నవ్వకు. నెలల తరబడి వేలిముద్రతో తెరిచే అలవాటులో పిన్ మరిచిపోయేవాళ్లు ఎందరో. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి ఫోను వేలిముద్రనీ ముఖాన్నీ ఒప్పుకోదు, పిన్ గానీ ప్యాటర్న్ గానీ కొట్టాల్సిందే. అది కొట్టేదాకా లోపలి డేటా చాలావరకు తాళంలోనే ఉంటుంది. అర్ధరాత్రి అప్‌డేట్ దానంతటదే పడి ఫోను అలాగే ఉండిపోతే, విడిగా వేసుకున్న అలారం యాప్ మోగకపోవచ్చు, కాల్ వచ్చినా పేరు బదులు నంబరే కనిపించవచ్చు. అందుకే రాత్రి పడుకునే ముందు వద్దంటున్నాను. సెలవు రోజు పొద్దున పెట్టుకో.

బ్యాకప్ దగ్గర తొందరపడకు. గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉంది కదా అని అన్నీ అందులోకి పోయాయనుకోవద్దు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లు చాలా ఫోన్లలో అందులోకి వెళ్లవు. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకుని, ఫోటోల ఫోల్డర్‌నీ డౌన్‌లోడ్స్‌నీ వాయిస్ రికార్డింగులనీ కాపీ చేసుకో. కాపీ అయ్యాక నాలుగు ఫోటోలు కంప్యూటర్‌లో తెరిచి చూడు. తెరిచి చూడని బ్యాకప్ లెక్కలోకి రాదు. వాట్సాప్‌కి దాని సెట్టింగ్స్‌లోనే వేరే బ్యాకప్ ఉంటుంది, చివరిసారి ఏ తేదీన జరిగిందో చూడు. అది గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత జాగాలోంచే తీసుకుంటుంది, జాగా నిండితే ఆగిపోతుంది. ఆ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని తాళం) పెట్టుకుని ఉంటే ఆ పాస్‌వర్డ్‌నో 64 అంకెల కీనో కాగితం మీద రాసి దాచు. బ్యాంకు, మెయిల్ లాగిన్‌లకి ఆరంకెల కోడ్ ఇచ్చే అథెంటికేటర్ యాప్ ఉంటే దాని ఖాతాలను ఇంకో ఫోనులోకి ఎక్స్‌పోర్ట్ చేసిపెట్టు. అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది అదే.

మీ అమ్మది ఐఫోన్ కదా, కంప్యూటర్‌లో బ్యాకప్ తీసేటప్పుడు "ఎన్‌క్రిప్ట్" గడిలో టిక్ పెట్టు. ఆ టిక్ లేకపోతే దాచుకున్న పాస్‌వర్డ్‌లూ హెల్త్ డేటా బ్యాకప్‌లోకి రావు. దానికిచ్చిన పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ బ్యాకప్ ఎందుకూ పనికిరాదు.

పాత యాప్ ఏదైనా వాడుతున్నావా? ఆండ్రాయిడ్ 14 నుంచి, 6.0 కంటే పాత వెర్షన్‌ల కోసం తయారైన యాప్‌లను కొత్తగా ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు. ముందే ఫోనులో ఉన్నవి మాత్రం అప్‌డేట్ తర్వాతా ఉంటాయి. సతాయిస్తోందని అలాంటిదాన్ని తీసేశావో, మళ్లీ ఎక్కదు.

స్టోరేజ్‌లో అప్‌డేట్ సైజుకి కనీసం రెండింతలు ఖాళీ ఉంచు. ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి, కేబుల్ పెట్టే ఉంచితే ఇంకా మంచిది. డౌన్‌లోడ్ వైఫైలోనే చెయ్యి. ఈమధ్య వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో సిస్టమ్‌కి రెండు అరలుంటాయి. నువ్వు ఫోను వాడుకుంటుండగానే కొత్తది రెండో అరలో పడుతుంది, రీస్టార్ట్‌తో అరలు మారతాయి. కొత్తది లేవకపోతే ఫోను తనంతట తానే పాత అరకి వస్తుంది. ఈ పద్ధతి లేని ఫోన్లలో మాత్రం రీస్టార్ట్ తర్వాత నల్లటి తెర మీద శాతాలు నడుస్తాయి. అప్పుడు పవర్ బటన్ జోలికి పోకు. ఒకే అంకె దగ్గర పావుగంట నిలబడ్డా నిలబడనీ.

ఐఫోన్ గంట దాటినా యాపిల్ గుర్తు దగ్గరే ఆగిపోయి, దాని కింది గీత కదలకపోతే కంప్యూటర్‌కి కలుపు. వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి, తగ్గించేది ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ని రికవరీ తెర వచ్చేదాకా పట్టుకో. కంప్యూటర్ "అప్‌డేట్", "రిస్టోర్" అని రెండు చూపిస్తుంది. "అప్‌డేట్" నొక్కు, రెండోది అంతా తుడిచేస్తుంది. డౌన్‌లోడ్ పావుగంట దాటితే ఫోను ఆ తెర నుంచి బయటికి వచ్చేస్తుంది. డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి మళ్లీ అవే బటన్‌లు నొక్కు.

పని అయ్యాక రెండు మూడు రోజులు ఫోను వేడెక్కుతుంది, ఛార్జింగ్ త్వరగా దిగుతుంది. లోపల యాప్‌లను కొత్త సిస్టమ్‌కి సర్దుకోవడం, ఫోటోలను మళ్లీ జాబితా వేసుకోవడం నడుస్తుంటాయి. ఆ రోజుల్లో బ్యాటరీ పాడైందని తీర్మానించకు. యాప్‌లన్నీ అప్‌డేట్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. వారం దాటినా అలాగే ఉంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం చూడు, ఏదో ఒక యాప్ పేరు పైన నిలబడి ఉంటుంది. తెలియకపోతే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడు, అందులో నువ్వు వేసుకున్న యాప్‌లు నడవవు. హోమ్ స్క్రీన్ మీది విడ్జెట్‌లు చెదరొచ్చు, ముందే ఒక స్క్రీన్‌షాట్ తీసుకో. వైఫై, బ్లూటూత్ తిక్కగా ఉంటే "నెట్‌వర్క్ రీసెట్" పనిచేస్తుంది కానీ దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, హెడ్‌సెట్‌లు మళ్లీ జత చేసుకోవాలి. ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోను మొత్తం తుడిచి కొత్తదానిలా చెయ్యడం, అన్నీ అయ్యాక చివరి మాట. దుకాణంవాళ్లు దాన్నే మొదట చెబుతారు, వాళ్లకి పని తేలిక కాబట్టి.

మీ అమ్మ ఫోను నీ ఫోను కుదుటపడ్డాక చెయ్యి. అయిపోయాక ఆవిడ చేతిలో పెట్టి వచ్చెయ్యకు. పక్కన కూర్చుని కాల్ చేసి, ఎత్తమను. అక్షరాల సైజు, రింగ్‌టోన్, అలారం మునుపటిలాగే ఉన్నాయో లేదో చూడు.

ఇట్లు,
పెదనాన్న